తీర్మానమునకు కొలత: మశూచి నిర్మూలన చరిత్ర నేర్పు పాఠము

సంఘముల వార్షిక సంచికలను తిరుగవేసిన యెడల విద్యాభివృద్ధికి పాటుపడవలెననియు, బీదలకు తోడ్పడవలెననియు తీర్మానములు ఏటేట కానవచ్చును. అవి సదుద్దేశములే. కాని ఎందఱికి, ఎంత, ఎన్నినాళ్లలో, సరిచూచువా రెవరు అను ప్రశ్నలకు వానియందు జవాబు దొరకదు. కొలతలేని తీర్మానము నెఱవేఱినదనియు చెప్పవచ్చును, నెఱవేఱలేదనియు చెప్పవచ్చును. కొలత యున్నను, కొలువదగినదానిని విడిచి వేఱొకదానిని కొలిచినచో కలుగు నష్టమును మన దేశమే యొకమాఱు చవిచూచినది. ఆ వృత్తాంతమును మనవి చేయుచున్నాము.

మశూచి పేరు వినని పెద్దలు మనలో లేరు. అమ్మవారు పోసినదని చెప్పి, వేపమండలు కట్టి, మన పూర్వులు భయభక్తులతో దినములు గడపిరి. ఇంగ్లండులో జెన్నరు 1796లో టీకాను పరీక్షించెను. 1802 జూన్‌లో బొంబాయిలో మూడేండ్ల బాలికకు వేసిన టీకా మనదేశమున మొదటిది. అయినను అటుపిమ్మట నూటయేబది యేండ్లకు పైగా ఆ వ్యాధి మనలను విడువలేదు. సాధనము చేతనుండియు కార్యము తీరదయ్యెను.

1958లో ప్రపంచ ఆరోగ్య సభయందు సోవియట్ ప్రతినిధి విక్టర్ ఝ్డానోవ్ ఈ వ్యాధిని లోకమునుండియే తొలగింపవలెనని ప్రతిపాదించెను. మఱుసటి యేట సభ దాని నంగీకరించెను. భారత ప్రభుత్వము 1962లో జాతీయ కార్యక్రమము నారంభించి, మూడేండ్లలో నూటికి 80 మందికి టీకాలు వేయవలెనని లక్ష్యము వ్రాసికొనెను. సంఖ్య యున్నది, గడువున్నది. చూపునకు లోపము లేని లక్ష్యమే. టీకాల లెక్కలు కోట్లకు చేరెను. వ్యాధి మాత్రము పోలేదు.

ఏలయన, ఆ లెక్క టీకాలను కొలిచినదే కాని వ్యాధిని కొలువలేదు. సంఖ్య నింపవలసిన యుద్యోగులకు బడిపిల్లలు సులభముగ దొరకుదురు; వారికే మరల మరల టీకాలు పడెను. పసిబిడ్డలును, కూలికై ఊరూరు తిరుగు బీదలును మిగిలిపోయిరి. వ్యాధి నిలిచినది వారియందే. నూటికి 80 పూర్తియైనను, మిగిలిన 20 మంది ఎవరను ప్రశ్న ఆ లక్ష్యమునందు లేదు.

1967 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ డి. ఎ. హెండర్సన్ నాయకత్వమున కార్యమును తీవ్రము చేసెను. ఈమాఱు గడువు పదియేండ్లు; కోరిన ఫలము రోగులు సున్న. ఎన్ని టీకాలు వేసితిమి అను దానికంటె, ఎందఱు రోగులు మిగిలిరి అనునది ముఖ్యమాయెను. అంతకు కొలది దినముల ముందే, 1966 చివర, తూర్పు నైజీరియాలో టీకామందు చాలక విలియం ఫేగీ రోగి యున్న చోటును వెదకి, ఆ చుట్టుపట్లవారికి మాత్రము టీకాలు వేయించి వ్యాధి నాపగలిగెను. ఆ పద్ధతియే తరువాత మన దేశమున కార్యమునకు వెన్నెముక యాయెను.

1973లో మనదేశమున ఇల్లిల్లు గాలింపు మొదలయ్యెను. పనివారు వ్యాధిసోకిన బిడ్డ బొమ్మగల కార్డును చూపి ప్రశ్నించిరి. వారు తిరిగిన యిండ్లలో పదింట నొకదానిని పర్యవేక్షకులు మరల దర్శించి, పనివారు నిజముగ వచ్చిరా యని విచారించిరి. 1974లో రోగుల సంఖ్య 1,88,000 దాటెను. బీహారున వ్యాధి మిక్కిలి ప్రబలెను. గాలింపు మాని పాతరీతినే అందఱికి టీకాలు వేయుట మేలని కొందఱు వాదించిరి. లెక్క పెరిగినదని వెఱచి లెక్కించుట మానియుండినచో కార్యము చెడియుండును. వారు మానలేదు. 1975 మే నెలతో మనదేశమున మశూచి యంతరించెను. అయినను వెంటనే ముగిసినదని వ్రాసికొనక, క్రొత్త రోగిని చూపినవారికి బహుమతిని 1,000 రూపాయలకు పెంచి వెదకుచునే యుండిరి. రెండేండ్లు వేచిన పిమ్మట, 1977 ఏప్రిల్‌లో అంతర్జాతీయ సంఘము పరీక్షించి ధ్రువపఱచెను. లోకమున సహజముగ సోకిన కడపటి రోగి 1977 అక్టోబరు 26న సోమాలియాలో కనబడెను. పదియేండ్ల గడువు మీఱినది సుమారు పది నెలలు మాత్రమే. 1980 మే 8న ప్రపంచ ఆరోగ్య సభ విజయమును ప్రకటించెను.

ఈ చరిత్రనుండి మనము గ్రహింపదగినది స్పష్టము. లక్ష్యమునందు ఫలము, సంఖ్య, గడువు, సరిచూచు విధము నాలుగును ఉండవలెను. అన్నింటికంటె ముఖ్యముగ, కొలత మన శ్రమను గాక ఫలమును కొలువవలెను. విద్యార్థి వేతనములు ఎన్ని పంచితిమి అనునది టీకాల లెక్కవంటిది; ఎందఱు బాలురు, బాలికలు చదువు ముగించిరి అనునది రోగుల లెక్కవంటిది.

కావున విద్యాభివృద్ధికి పాటుపడవలెనను వాక్యమునకు మాఱు ఇట్లు వ్రాయుదము: వచ్చు మహాసభనాటికి ప్రతి శాఖయు తన గ్రామములలో పదవతరగతి ముగియకముందే బడిమానిన మన పిల్లల పేళ్లు వ్రాసి, వారిలో సగముమందినైన పరీక్షయందు ఉత్తీర్ణులను చేయవలెను, ఒక శాఖ లెక్కను పొరుగుశాఖవారు పదిండ్లకు ఒక యిల్లు చొప్పున సరిచూడవలెను. మొదటి యేడు ఆ జాబితా మన మనుకొన్నదానికంటె పొడుగై మనకు సిగ్గు కలిగింపవచ్చును. దానిని దాచవలదు. పట్టణమున సభకు రాగల కుటుంబముల బిడ్డలు బడిపిల్లలవలె సులభముగ దొరకుదురు. వలసపోయిన కూలివాని బిడ్డయు, తండ్రిలేని బాలికయు మన పద్దులో చేరినప్పుడే పోషకు లిచ్చిన ధనము సార్థకమగును.

ఈ యేటి తీర్మానములను వ్రాయు పెద్దలు ఈ మాటను మనసున నుంచుకొందురుగాక యని సవినయముగ విన్నవించుచున్నాము.