వెనుకకు లెక్కించిన వైద్యుడు

పెండ్లి జరిగి మూడేండ్లు గడిచినా కడుపు పండని ఇల్లాలికి సలహాలు చెప్పేవారికి మన ఇండ్లలో కొదవ లేదు. ఒకరు రావిచెట్టుకు ప్రదక్షిణలు చేయమంటారు, ఒకరు నాగప్రతిష్ఠ చేయించమంటారు, మరొకరు జాతకము చూపించమంటారు. మొక్కుల సంగతి మొక్కుకొనేవారికి విడిచిపెడదాము. ఇందరి నడుమ ఎవరూ అడుగని ప్రశ్న ఒకటున్నది. నెలకు 30 దినములు గదా, అందులో గర్భము నిలిచే దినములు ఏవి? ప్రశ్న చాల చిన్నది. దానికి సరియైన లెక్క దొరికినది మాత్రము 1924వ సంవత్సరములో. సూర్యగ్రహణమును ఘడియలతో సహా ముందుగా చెప్పగలిగిన ఎన్నో శతాబ్దుల తరువాత, విమానము ఎగిరి, రేడియో పలికిన తరువాత అన్నమాట.

మన పూర్వులు ఈ విషయమును పట్టించుకొనలేదని కాదు. మనుస్మృతి స్త్రీకి ఋతుకాలము 16 రాత్రులని చెప్పి, వానిలో మొదటి నాలుగింటిని, 11వ రాత్రిని, 13వ రాత్రిని నిషేధించినది. సుశ్రుతుడు 12 రాత్రులన్నాడు. గర్భాధాన ముహూర్తము పెట్టే మన సిద్ధాంతులకు ఆ 16 రాత్రుల లెక్క సుపరిచితమే. నేటి జ్ఞానముతో చూస్తే, 28 దినములకు ఒకసారి క్రమముగా బహిష్టు అయ్యే స్త్రీకి అందులోని చివరి వారము చాల వరకు సరిపోతుంది. 35 దినములకు ఒకసారి అయ్యే స్త్రీకి బొత్తిగా సరిపోదు. యూదుల ధర్మశాస్త్రము స్రావము ఆగిన పిమ్మట మరి ఏడు దినములు ఎడముగా ఉండి, అటుపైన దంపతులు కలియవలెనని విధించినది. అది శౌచము కొరకు పెట్టిన నియమము. అయినా లెక్క వేస్తే ఆ కలయిక ఇంచుమించు 12వ దినమున పడుతుంది. నియమము పెట్టినవారు దానిని సంతానము కొరకే పెట్టినారని చెప్పుటకు మాత్రము నాకు ధైర్యము చాలదు.

విజ్ఞానశాస్త్రము వచ్చి ఈ ముడి విప్పినదా అంటే, మొదట ఇంకా బిగించినది. 1827లో కార్ల్ ఎర్నెస్ట్ ఫాన్ బేర్ అనే శాస్త్రజ్ఞుడు ఆడుకుక్క అండాశయములో అండమును సూక్ష్మదర్శినితో చూచినాడు. పాలిచ్చి పెంచే జంతువుల అండమును కన్నులార చూచిన మొదటివాడు ఆయనే. 1843లో బిషాఫ్ అనే జర్మన్ పండితుడు, కుక్క ఎదకు వచ్చే కాలములో అండము దానంతట అదే విడుదల అవుతుందని నిరూపించినాడు. ఇంతవరకు బాగున్నది. కాని ఎదకు వచ్చే తరుణములో కుక్కకు కొంత రక్తము కనిపిస్తుంది. వైద్యులు దానిని పట్టుకొని, స్త్రీల ఋతుస్రావము కూడ అటువంటిదే కావలెనని తీర్మానించినారు. అనగా బహిష్టు దినములకు ముందు వెనుకలనే అండము విడుదల అవుతుందనీ, నెల నడుమ గర్భభయము లేదనీ వారి సిద్ధాంతము.

నిజము దీనికి సరిగా తలక్రిందులు. బిడ్డ కావలెనని వచ్చిన స్త్రీకి గర్భము నిలువని దినములను చూపించినారు. కాన్పులతో అలసిపోయి ఇక చాలునని వచ్చిన తల్లికి గర్భము నిలిచే దినములనే క్షేమమని చెప్పి పంపినారు. ఇది ఏ పల్లెటూరి మంత్రసాని చెప్పిన మాట కాదు. పెద్ద పెద్ద వైద్యులు పుస్తకములలో అచ్చు వేయించిన మాట. దాదాపు 80 ఏండ్లు నడిచినది. ఆ 80 ఏండ్లలో వైద్యుని సలహాను తు. చ. తప్పక పాటించి, గొడ్రాలనే మాట పడిన స్త్రీలు ఎందరో ఎవరు లెక్క వేయగలరు?

ఈ తప్పు దిద్దినవారిలో ముందు చెప్పవలసినవారు జపాను వైద్యులు ఒగినో క్యూసాకు. 1882లో జన్మించి, టోక్యో విశ్వవిద్యాలయములో వైద్యము చదివి, 1912లో ఆయన నీగాతా పట్టణములోని తకేయామా ఆసుపత్రిలో స్త్రీల వైద్యులుగా చేరినారు. నీగాతా జపాను సముద్రపుటొడ్డున ఉన్న వరిపొలముల సీమ. మూడేండ్లలో బిడ్డను కనని కోడలు పుట్టింటికి పోవలసినదేనని ఆ దేశములో ఒక పాత సామెత ఉండేది. అటువంటి సమాజములో స్త్రీల వైద్యునికి ఈ ప్రశ్న ఉత్త శాస్త్రచర్చ కాదు.

ఆయన పద్ధతి చూడండి. ఏదో ఒక వ్యాధికి స్త్రీకి ఉదరశస్త్రచికిత్స చేయవలసి వచ్చినప్పుడు, తెరచిన కడుపులో అండాశయము కంటికి కనిపిస్తుంది గదా. అండము ఇంకా పొక్కులోనే ఉన్నదా, లేక విడుదలయి దాని చోట కార్పస్ లూటియం అనే పసుపుపచ్చని గ్రంథి ఏర్పడినదా అని ఆయన పరీక్షించేవారు. ఇతర వైద్యులు కూడ ఈ పని చేసినారు. కాని వారు రోగిని అడిగినది, కడపటిసారి బహిష్టు ఎప్పుడు అయితివమ్మా అని. ఒగినో అంతటితో ఆగలేదు. శస్త్రచికిత్స తరువాత ఆమెకు మళ్ళీ బహిష్టు ఏ దినమున వచ్చినదో కూడ గుర్తు పెట్టుకొన్నారు. గడచిన బహిష్టు నుండి ముందుకు లెక్కించిన వారందరికీ అంకెలు చెల్లాచెదరుగా వచ్చినవి. రాబోయే బహిష్టు నుండి వెనుకకు లెక్కించిన ఆయనకు అవి ఒక్కచోట కుదురుకొన్నవి. ఆమె నెల పొట్టిది కానీ, పొడుగుది కానీ, అండము విడుదలయ్యేది తరువాతి బహిష్టుకు 12 మొదలు 16 దినములకు ముందు.

ఇందులోని కీలకమును నిదానముగా గ్రహించవలె. ఋతుచక్రములో రెండు భాగములున్నవి. మొదటి భాగములో అండము పక్వమవుతుంది; దీనికి ఒక స్త్రీకి 10 దినములు పట్టవచ్చు, మరొకరికి 20 దినములు పట్టవచ్చు. రెండవ భాగము ఆ పసుపుపచ్చని గ్రంథి బ్రతికియున్న కాలము. ఇది అందరిలోను ఇంచుమించు రెండు వారములే. కనుక నెల పెరిగితే పెరిగేది చాల వరకు మొదటి భాగమే. 28 దినముల చక్రములో అండము 13 మొదలు 17వ దినములోపల విడుదల కావలె. 35 దినముల చక్రములో 20 మొదలు 24వ దినములోపల. రెండవ స్త్రీ మొదటి స్త్రీ దినములను పాటిస్తే ఏమగునో వేరుగా చెప్పనక్కరలేదు.

1924లో ఒగినో ఈ సంగతిని జపాను భాషలో ప్రకటించినారు. ఐరోపాలో చదివినవారు ఎవరు? 1929లో ఆయన జర్మనీకి ప్రయాణమయినారు; 1930లో జర్మన్ భాషలో వ్యాసము వెలువడినది. సరిగా ఆ రోజులలోనే ఆస్ట్రియాలోని గ్రాట్స్ నగరములో హెర్మన్ క్నాస్ అనే వైద్యులు, గర్భాశయ కండరము ఏ దినము నుండి పిట్యూటరీ సారమునకు స్పందించుట మానుతుందో పరిశీలించి, వేరొక త్రోవన ఇదే నిర్ణయమునకు వచ్చినారు. అందుచేత లోకము ఇద్దరి పేర్లనూ జోడించినది.

పేర్లు జోడించిన లోకము పనిని మాత్రము తిరగవేసినది. 1932లో షికాగో వైద్యులు లియో లాట్జ్ వ్రాసిన పుస్తకము మొదలుకొని, ఈ లెక్క గర్భము రాకుండ చూచుకొనే ఉపాయముగానే ఎక్కువ ప్రచారమయినది. ఒగినోకు ఇది సమ్మతము కాలేదు. ఈ లెక్కను నమ్మి అక్కరలేని గర్భము తెచ్చుకొనేకంటె వేరు సాధనములు మేలని ఆయన అభిప్రాయము. మన దేశములో కూడ ఆరోగ్యమంత్రిణి రాజకుమారి అమృత్ కౌర్ కోరికపై 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అబ్రహాం స్టోన్ అనే అమెరికా వైద్యుని పంపినది. ఢిల్లీలోని లోడీ కాలనీలోను, మైసూరు సీమలోని రామనగరములోను స్త్రీలకు దినమునకొక పూస చొప్పున రంగుల పూసల దండలు ఇచ్చి ఈ లెక్క నేర్పించినారు. దండ ఇంట ఉంటే చాలునని తలచినవారూ ఉన్నారట! నవ్వు వచ్చే మాటే కాని, తప్పు ఆ స్త్రీలది కాదు. ఒక్కొక్కరి నెల ఒక్కొక్క విధముగా ఉంటే, అందరికీ ఒక తీరు దండ ఎట్లు సరిపోతుంది?

వెనుకకు లెక్కించుటలో మరొక చిక్కు ఉన్నది. రాబోయే బహిష్టు తేదీ ముందుగా తెలిసేది ఎట్లు? గడచిన నెలలను చూచి ఊహించుటయే. అందుచేత శరీరమే ఇచ్చే సూచనల కొరకు వెదకినారు. 1876లో అమెరికా వైద్యురాలు మేరీ పట్నం జాకోబీ, చదువుకొనే యువతులకు నెలనెలా విశ్రాంతి అవసరమనే వాదమును ఖండిస్తూ హార్వర్డ్ బహుమతి పొందిన వ్యాసములో, స్త్రీల శరీరోష్ణము నెలలో ఒక క్రమము ప్రకారము హెచ్చుతగ్గులగుటను చూపినది. 1904లో డచ్చి వైద్యులు ఫాన్ డె వెల్డె దానిని అండాశయపు పనితో ముడిపెట్టినారు. ఉదయము పడకమీద నుండి లేవకముందే థర్మామీటరు పెట్టి చూస్తే, అండము విడుదలయిన పిమ్మట ఉష్ణము స్వల్పముగా పెరిగి అట్లే నిలుస్తుంది. కాని ఇది బండి వెళ్ళిన తరువాత మ్రోగే గంట వంటిది. వచ్చే నెలకు పనికివస్తుంది గాని ఈ నెలకు కాదు. 1950ల నుండి మెల్బోర్న్ వైద్యులు జాన్ బిల్లింగ్స్ గమనించిన సూచన ముందుగా వస్తుంది. అండము విడుదలకు ముందు దినములలో యోనిస్రావము గ్రుడ్డులోని తెల్లసొన వలె పలుచబడి జారుతుంది. 1980ల నుండి మూత్రములో ఎల్.హెచ్. అనే హార్మోను పెరుగుదలను ఇంటివద్దనే తెలిపే పరీక్షలు అంగళ్ళకు వచ్చినవి. అది పెరిగిన ఒకటి ఒకటిన్నర దినములో అండము విడుదల అవుతుంది.

1995లో అమెరికాలోని నార్త్ కరోలినాలో 221 మంది స్త్రీలను పరిశీలించి విల్కాక్స్, ఆయన సహచరులు ప్రకటించిన ఫలితము లెక్కను ఇంకా బిగించినది. గర్భము నిలిచినవి ఆరు దినములలోనే: అండము విడుదలయిన దినమూ, దానికి ముందు ఐదు దినములూ. మరునాటి నుండి ఏమియు లేదు. శుక్రకణములు ఐదు దినముల వరకు వేచియుండగలవు. అండము మాత్రము ఒక దినమునకు మించి నిలువదు. అందుచేత వేచియుండవలసినవారు ముందుగా వెళ్ళవలె. అదే పరిశోధకులు 2000లో మరొక మాట చెప్పినారు: 10 మొదలు 17వ దినము లోపల ఈ ఆరు దినములూ పూర్తిగా ఇమిడిన స్త్రీలు నూటికి 30 మంది మాత్రమే.

తేదీలు సరిగా పాటించినా ఏడాదిలోపల నెల తప్పకపోతే, ఇల్లాలికి 35 ఏండ్లు దాటియుంటే ఆరు నెలలలోపల, వైద్యుని చూడవలె. వెళ్ళేటప్పుడు భర్త కూడ వెళ్ళవలె. ఒగినో లెక్క అండమును గూర్చినది. లోపము అండముదే కానక్కరలేదు. మన ఇండ్లలో ఆ రెండవ పరీక్ష చాల ఆలస్యముగా జరుగుతుంది.

ఒగినో తన శేషజీవితమును నీగాతాలోనే గడిపి, 1975 జనవరి 1న అక్కడనే కన్నుమూసినారు. ఆయన నివసించిన ఇంటి ప్రక్కన పోయే వీధిని ఆ ఊరివారు ఒగినో వీధి అని పిలుస్తారు.