బడిలో పెద్దల చేయి

“పంతులు పిల్లవాణ్ణి ముట్టుకోవడానికే భయపడే రోజులు వచ్చాయి” అన్న మాట ఇప్పుడు ఉపాధ్యాయుల గదుల్లో తరచు వినిపిస్తున్నది. వెనకటి గురువు తండ్రివంటివాడనీ, కొట్టిన చేత్తోనే తల నిమిరేవాడనీ, చట్టాలు వచ్చి గురుశిష్యుల నడుమ గోడ కట్టాయనీ దీని తాత్పర్యం. ఈ మాటలో కొంత నిజమైన బాధ ఉంది, దాన్ని వెక్కిరించనక్కరలేదు. కాని ఇందులో చరిత్ర లేదు. ఆ చేయి ఎవరి మీద పడింది, ఎందుకు పడింది, ఎవరిని ముట్టకుండా వెనక్కి తీసుకోబడింది అని అడిగితే వేరే కథ బయటపడుతుంది.

మద్రాసు గవర్నరు మన్రో 1822లో దేశీయ పాఠశాలలను గురించి విచారణ జరిపించాడు. బళ్లారి కలెక్టరు కాంబెల్ 1823లో పంపిన నివేదిక వాటిలో బాగా వివరమైనది. ఆ జిల్లాలో 533 బడులు. తెలుగు చెప్పేవి 226. చదువుకొనేవారు 6,641 మంది, అందులో ఆడపిల్లలు 60. ప్రొద్దున ఆరు గంటలకు బడి. అందరికంటె ముందు వచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు వ్రాస్తారు. రెండవవాడికి సున్న చుడతారు. మూడవవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాల్గవవాడికి రెండు, ఆపైన వచ్చినవాడికల్లా ఒక్కొక్కటి పెరుగుతుంది. ఇది ఆలస్యానికి శిక్ష అనుకుంటే పొరపాటు. పిల్లలందరూ కోడికూతతోనే లేచి పరుగెత్తినా ఎవడో ఒకడు మూడవవాడు కాక తప్పదు, ఎవడో ఒకడు చివరివాడు కాక తప్పదు. అంటే దెబ్బ తప్పును అనుసరించి రాలేదు. ఒళ్లు తనది కాదని పిల్లవాడికి రోజూ తెల్లవారగానే నేర్పే మొదటి పాఠమది.

మొద్దబ్బాయికి బెత్తం సరేసరి. రెండు చేతులూ కట్టి కప్పీతో పైకప్పుకు వేలాడదీయడమూ ఆ నివేదికలో ఉంది. మన పెద్దలు కోదండం అన్నది దీన్నే. మోకాళ్లు వంచి లేచే శిక్షను, అంటే మన గుంజీలను, చెబుతూ అది చాలా బాధాకరమే అయినా బహుశా ఆరోగ్యకరమని కలెక్టరుగారు ఒక ముక్క చేర్చారు! మన ఆచారాలెన్నింటినో అనాగరికమన్న దొరతనానికి మన బెత్తంతో మాత్రం పేచీ రాలేదు.

పేచీ రాకపోగా దానికి కొత్త పని కూడా దొరికింది. 19వ శతాబ్దం ద్వితీయార్ధంలో మద్రాసు రాజధానిలో ఫలితాలను బట్టి గ్రాంటు ఇచ్చే పద్ధతి వచ్చింది. ఇన్‌స్పెక్టరు వచ్చి పరీక్షించినప్పుడు ఎంతమంది నెగ్గితే బడికి అంత డబ్బు. పంతులు కడుపుకూ పిల్లవాడి వీపుకూ ఇంత సూటిగా లంకె వేసిన పద్ధతి మరొకటి లేదు. ఆ పంతులును క్రూరుడని తిట్టి ఊరుకుంటే లంకె వేసినవాడు తప్పించుకొంటాడు.

ఇక ఆ చేయి ముట్టని పిల్లలున్నారు. అంబేద్కర్ తన చిన్ననాటి బడిని గురించి వ్రాసుకొన్నాడు: తరగతిలో విడిగా గోనెపట్టా మీద కూర్చోవాలి, ఆ పట్టాను బడి ఊడ్చే నౌకరు కూడా ముట్టడు కనుక రోజూ ఇంటికి మోసుకుపోయి తిరిగి తెచ్చుకోవాలి, దాహమైతే అంటరానితనం లేనివారెవరో కొళాయి తిప్పాలి, నౌకరు రాని రోజున నీళ్లే లేవు. తల నిమిరిన గురువును తలచుకొని కంటతడి పెట్టేవారు ఈ గోనెపట్టాను కూడా తలచుకోవాలి. వెనకటి వాత్సల్యానికి కులముంది. తల నిమరడం కొందరికి, దెబ్బ కొందరికి, ఆ దెబ్బపాటి స్పర్శ కూడా లేకపోవడం మరికొందరికి.

చట్టం చాలాకాలం పెద్దల ప్రక్కనే నిలబడింది. 1860 నాటి శిక్షాస్మృతి పన్నెండేళ్లలోపు పిల్లల మేలుకోరి సంరక్షకులు గాని, వారి సమ్మతితో ఇతరులు గాని సద్భావంతో చేసిన పనిని నేరం కాదన్నది. కోర్టుల్లో ఉపాధ్యాయులకు అది డాలుగా ఉపయోగపడింది. 2024లో అమల్లోకి వచ్చిన న్యాయసంహితలోనూ ఆ మాట ఉంది. స్వతంత్ర భారతంలో, 1973 నాటి ఢిల్లీ పాఠశాలల నిబంధనలు అరచేతి మీద పది దెబ్బలు మించరాదని లెక్క కట్టాయి. ఆ నిబంధనను ఢిల్లీ హైకోర్టు 2000 డిసెంబరులో కొట్టివేసింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2002లో బడుల్లో దండనను నిషేధించింది. 2009 నాటి విద్యాహక్కు చట్టం పదిహేడవ సెక్షను శారీరక దండనతోపాటు మానసిక వేధింపును కూడా దేశమంతటా నిషేధించింది.

దెబ్బ సంగతి ఇది. ముద్దు సంగతి ఇంకా ఆలస్యంగా చర్చకు వచ్చింది. రైల్లో ముక్కూమొగం తెలియనివారి ఒళ్లో పిల్లను కూర్చోబెట్టడం, ఎవరింటి పిల్లవాడి బుగ్గనైనా గిల్లడం మనకు మర్యాదలో భాగం. పిల్ల మొగం ముడుచుకుంటే “సిగ్గు” అని నవ్వుకొన్నాం. ఇష్టం లేకపోవడమని అనుకోలేదు. 2007లో కేంద్ర ప్రభుత్వం 13 రాష్ట్రాల్లో జరిపించిన అధ్యయనంలో సగానికి పైగా పిల్లలు ఏదో ఒక రకమైన లైంగిక వేధింపుకు గురైనట్లు చెప్పారు. వేధించినవారిలో సగంమంది వారెరిగినవారు, వారు నమ్మినవారు. ఎక్కువమంది పిల్లలు ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు. పెద్దవాళ్ల చేతిని కాదనే మాట మనం వారికి నేర్పలేదు గదా!

2012 నాటి పోక్సో చట్టం వచ్చింది ఈ నేపథ్యంలోనే. అది తల నిమరడాన్ని నేరం చేయలేదు. స్పర్శ వెనుక లైంగికోద్దేశాన్ని నేరం చేసింది. చర్మానికి చర్మం తగిలితేనే నేరమన్న ఒక హైకోర్టు తీర్పును సుప్రీంకోర్టు 2021 నవంబరులో రద్దు చేస్తూ ఉద్దేశమే ప్రధానమని చెప్పింది. నేరస్థుడు బడి సిబ్బందిలో ఒకడైతే శిక్ష ఎక్కువ. మన మిత్రులకు ఇది అవమానంగా తోస్తున్నది. అధికారం ఎక్కువ ఉన్నచోట బాధ్యత ఎక్కువ ఉండడంలో అవమానమేముంది?

నా భయం వేరొకటి. ఈనాటి ర్యాంకుల హాస్టళ్లలో చేయి పడకుండానే ఒళ్లు విరుస్తున్నారు. తెల్లవారకముందే లేపడం, రాత్రి దాకా స్టడీ అవర్లు, గోడ మీద మార్కుల వరుస: సరస్వతి పేరుతో మొదలై చివరివాడి దాకా దిగే ఆ బళ్లారి వరుసే ఇది. ఫలితానికీ ఫీజుకూ మళ్లీ లంకె పడింది. ఇంటర్మీడియట్ పిల్లవాడికి పదహారేళ్లు. మానసిక వేధింపు కూడదన్న విద్యాహక్కు చట్టం పద్నాలుగేళ్ల దగ్గర ఆగిపోతుంది.