క్రెడిట్ ఎవరి గంటను లెక్కపెట్టింది?

"అన్నా, 4 క్రెడిట్లంటే వారానికి 4 గంటలే గదా. మరి నాకెందుకు టైం చాలటంలా?"

మైపాడు వైపు నుంచి రోజూ బస్సులో నెల్లూరొచ్చి బీఎస్సీ చదివే ఒక యానాది తమ్ముడు పోయిన నెల అడిగిన మాట ఇది. రాత్రిళ్లు వాళ్ల నాయనకు బదులు రొయ్యల గుంట కాడ కాపలా ఉంటాడు. వాడికి జవాబు చెప్పాలంటే వందేళ్లు దాటి వెనక్కి పోవాలి.

క్రెడిట్ లెక్క మొదలైంది విద్యార్థి కోసం కాదు, మాస్టర్ల పింఛను కోసం. 1905లో అమెరికా ఉక్కు వ్యాపారి ఆండ్రూ కార్నెగీ కాలేజీ ప్రొఫెసర్ల పింఛన్లకు కోటి డాలర్లు ఇచ్చాడు. మరి ఏది అసలు కాలేజీ, ఏది పేరుకే కాలేజీ? తేల్చడానికి ఒక కొలత పెట్టారు. హైస్కూల్లో 14 యూనిట్లు చదివినోళ్లను చేర్చుకునే కాలేజీకే పింఛను. యూనిట్ అంటే ఏడాదికి ఒక సబ్జెక్టులో సుమారు 120 గంటల క్లాసు. పింఛను ఆశకు కాలేజీలు వరసగా ఆ కొలతలోకి వచ్చాయి. 1910లో మోరిస్ కుక్ అనే ఇంజనీరు, ఫ్యాక్టరీలో పని కొలిచినట్టే యూనివర్సిటీల ఖర్చును కూడా ఒక్కో విద్యార్థికి ఒక్కో గంట చొప్పున లెక్కగట్టమన్నాడు. రెండు లెక్కల్లోనూ ఉన్నది బెంచీ మీద గంటే. ఇంటికాడ చదివిన గంట ఏ పట్టీలోనూ లేదు.

ఇంచుమించు అదే కాలంలో మన జిల్లాలో ఇంకో పట్టీ ఉండేది. 1911 నేరస్థ తెగల చట్టం కింద కావలి సెటిల్‌మెంట్‌లో ఎరుకల కుటుంబాలకు హాజరు పిలిచేవాళ్లు. రెండూ ఒకటే అనను. కానీ మనిషి యాడున్నాడో రాసుకుంటే ఏం చేశాడో తెలిసిపోదని మన పెద్దోళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు.

మన దగ్గర యూజీసీ 2015లో ఇచ్చిన మార్గదర్శకాలూ బెంచీ లెక్కే. వారానికి ఒక గంట లెక్చర్‌కు 1 క్రెడిట్, ప్రాక్టికల్ అయితే 2 గంటలకు 1. రికార్డు రాసే టైం ఎవరిదో అందులో లేదు.

యూరప్‌లో 1989లో మొదలైన పద్ధతి వేరు. అక్కడ ఏడాదికి 60 క్రెడిట్లు, అంటే విద్యార్థి మొత్తం పని 1500 నుంచి 1800 గంటలు. మనకు ఆ ఆలోచన 2023లో జాతీయ క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్‌తో వచ్చింది. 30 గంటలకు 1 క్రెడిట్, ఏడాదికి 1200 గంటలు, 40 క్రెడిట్లు. క్లాసుతో పాటు ఇంటికాడ చదివేదీ కలిపే ఈ లెక్క.

ఇప్పుడు తమ్ముడి ప్రశ్నకొద్దాం. 4 క్రెడిట్ల పేపరంటే 120 గంటలు. సెమిస్టర్ 15 వారాలనుకుంటే వారానికి 8. అలాంటివి 5 పేపర్లుంటే వారానికి 40 గంటలు, అంటే నిండా ఒక ఉద్యోగం. బస్సు, గుంట కాపలా దీనికి పైన. హాస్టల్లో ఉండేవాడికీ గుంట గట్టు మీద కూచునేవాడికీ కాగితం మీద మాత్రం అవే 40.

వాణ్ణి ఒక వారం గంటలన్నీ రాయమన్నాను. సొంత చదువుకు సుమారు 20 గంటలు కావాలి, వాడికి వచ్చింది 6. కాగితం చూసి, "నాకు బుర్ర లేదనుకున్నానన్నా" అన్నాడు. దాన్ని పట్టుకుని హాస్టల్ సీటు కోసం తిరుగుతున్నాం. నెల్లూరులో ఎస్టీ హాస్టళ్లలో యాడైనా ఖాళీ ఉంటే కింద చెప్పండి.