బషీరాబాద్: 27 బైట్లు

కర్ణాటక సరిహద్దును ఆనుకుని ఉన్న మండలం బషీరాబాద్. 1956 వరకు ఇది ఉన్న తాండూరు తాలూకా గుల్బర్గా జిల్లాలో ఉండేది. రాష్ట్రాల పునర్విభజనప్పుడు అది హైదరాబాద్ జిల్లాకు వచ్చింది. 1978లో రంగారెడ్డి జిల్లాలో, 2016 అక్టోబరు 11న వికారాబాద్ జిల్లాలో చేరింది. ఇన్ని జిల్లాలు మారినా తెలుగు, కన్నడ, ఉర్దూ మూడూ ఈ ప్రాంతంలో కలిసే బతుకుతున్నాయి.

ఈ ఊరి పేరును ఇంగ్లీషులో రాసి కంప్యూటర్‌లో దాస్తే 11 బైట్లు పడుతుంది. ఉర్దూలో 16. తెలుగులోనూ కన్నడలోనూ 27. కెన్ థాంప్సన్, రాబ్ పైక్ 1992లో రూపొందించిన యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు, ఉర్దూ అక్షరానికి రెండు, తెలుగులో ప్రతి అక్షరానికీ గుణింతపు గుర్తుకూ పొల్లుకూ మూడేసి బైట్లు కావాలి. వెబ్ సర్వర్లు పాఠకుడికి పేజీని ఎలా పంపాయన్న చరిత్రలో తెలుగువాడి వాటా ఈ మూడు బైట్ల దగ్గరే మొదలవుతుంది.

ప్రభుత్వ సేవలందించే మీసేవ 2011 నవంబరు 4న మొదలైంది, భూముల రికార్డుల పోర్టల్ ధరణి 2020 అక్టోబరు 29న. పహాణీ కోసమో కుల ధ్రువీకరణ కోసమో వెళ్లిన రైతుకు కూడా ‘సర్వర్ స్లోగా ఉంది’ అన్న మాట అలవాటైపోయింది. ఆ ఆలస్యానికి లైను నెమ్మది ఒక్కటే కారణం కాదు. జవాబు మొత్తం సిద్ధమయ్యాక ఒకేసారి పంపాలా, సిద్ధమైనంత మేరకు ముక్కలుగా వదలాలా, దారిలో కుదించాలా, ఏ లిపిలో ఉందని చెప్పి పంపాలా అన్న నిర్ణయాలు సర్వర్ లోపలి మాడ్యూళ్లలో, అంటే విడివిడి పనులు చేసే భాగాల్లో జరుగుతాయి. ఒక్కో నిర్ణయం వెనకా కొన్నేళ్ల పెనుగులాట ఉంది.

1991లో టిమ్ బెర్నర్స్-లీ పేజీలను అడిగి తెచ్చుకునే నియమావళి హెచ్‌టీటీపీ తొలి రూపాన్ని వాడుకలో పెట్టినప్పుడు ఆ చిక్కులేవీ లేవు. ఒక్క వరుసలో అడిగితే సర్వర్ పేజీని పంపి లైను కట్ చేసేది. కట్ అయితే పేజీ అయిపోయినట్టు. లైను మధ్యలో తెగినా పాఠకుడికి అలాగే కనిపించేది. 1996లో అచ్చయిన 1.0 వివరణ నాటికి జవాబు ముందు హెడర్లు వచ్చాయి. పేజీ ఏ రకానిది, ఎన్ని బైట్లు అని ముందే చెప్పే వీలు కలిగింది. అయితే డేటాబేస్‌లోంచి అప్పటికప్పుడు తయారయ్యే పేజీ ఎన్ని బైట్లు అవుతుందో మొదటి వరుస రాసేటప్పుడు ఎవరికి తెలుసు?

ఆ ప్రశ్న పుట్టే నాటికి సర్వర్లు కూడా మారుతున్నాయి. రాబ్ మెకూల్ రాసిన ఎన్‌సీఎస్ఏ సర్వర్ 1994లో ఆయన వెళ్లిపోయాక దిక్కులేనిదైంది. దాన్ని వాడుతున్నవాళ్లే తలా ఒక సవరణ కలిపి 1995లో అపాచీ సర్వర్ తెచ్చారు. రాబర్ట్ థావ్ దాన్ని మాడ్యూళ్లుగా విడగొట్టి కొత్తగా కట్టాడు. కానీ తొలి అపాచీలో ఒక మాడ్యూల్ రాసింది నేరుగా పాఠకుడి వైపు వెళ్లిపోయేది. మరో మాడ్యూల్ దాన్ని పట్టుకుని సరిదిద్దే అవకాశం లేదు. అపాచీ 1.3కి ముందైతే, పేజీని అప్పటికప్పుడు తయారుచేసే సీజీఐ ప్రోగ్రాములు రాసిన వరుసలు సర్వర్ దగ్గర పోగుపడి ఆగేవి.

‘ఎన్ని బైట్లు?’ అన్న ప్రశ్నకు 1997లో హెచ్‌టీటీపీ 1.1 జవాబు చెప్పింది. మొత్తం లెక్క అక్కర్లేదు, ప్రతి ముక్క ముందూ ఆ ముక్క కొలత రాస్తే చాలు. చివర సున్నా కొలత వస్తే పేజీ పూర్తయినట్టు. ‘బషీరాబాద్’ అన్న మాటను ఒక ముక్కగా పంపితే దాని ముందు పదహారు ఆధారంగా గల లెక్కలో 1బి అని ఉంటుంది, అంటే 27. లైను మధ్యలో తెగితే ఆ సున్నా రాదు కనుక పాఠకుడి బ్రౌజర్‌కు విషయం తెలిసిపోతుంది.

ఇక లిపి, అంటే అక్షరాలను బైట్లుగా రాసే సంకేత పద్ధతి సంగతి. 2000 ఫిబ్రవరిలో భద్రతా హెచ్చరికలు వచ్చాక అపాచీ 1.3.12లో ప్రతి పేజీకీ డిఫాల్ట్ లిపిని ప్రకటించే ఏర్పాటు చేర్చారు. ఉద్దేశం మంచిదే. అయితే సర్వర్ నడిపేవారు అక్కడ పశ్చిమ యూరప్ లిపిని పెట్టి వదిలేస్తే, పేజీ లోపల యూటీఎఫ్-8 అని రాసి ఉన్నా బ్రౌజర్ సర్వర్ హెడర్ మాటే వినేది. ప్రతి తెలుగు అక్షరపు మొదటి బైటూ ఒకటే కాబట్టి తెర నిండా నెత్తిన గీటున్న లాటిన్ ‘ఎ’లే కనిపించేవి. పేజీ రాసినవారి తప్పు రవ్వంత లేకుండానే తెలుగు చెడిపోయేది.

అసలు ఆ రోజుల్లో చాలా తెలుగు పత్రికల సైట్లు యూనికోడ్‌లోనే లేవు. సొంత ఫాంట్లలో లాటిన్ సంకేతాల చాటున తెలుగు దాగి వచ్చేది. తెలుగు వికీపీడియా పుట్టుకకు కారకుడైన వెన్న నాగార్జున ‘పద్మ’ అనే పొడిగింపును రాసి, ఆ పేజీలను ఫైర్‌ఫాక్స్‌లో యూనికోడ్‌గా మార్చి చూపించారు. సర్వర్ దగ్గర కావలసిన పనిని పాఠకుడి కంప్యూటర్ మీద చేయాల్సి వచ్చిందంటే, పంపేచోట ఆ భాషను పట్టించుకున్నవారు ఎంత తక్కువో తెలుస్తుంది. తెలుగు వెబ్ చరిత్రలో పద్మకు దక్కాల్సిన చోటు ఇంకా దక్కలేదు.

పంపేచోటే మార్చే వీలు 2002 ఏప్రిల్‌లో వెలువడిన అపాచీ 2.0తో వచ్చింది. ఇందులో మాడ్యూల్ జవాబును పాఠకుడికి నేరుగా ఇవ్వదు, బకెట్లలో నింపి వరుసలోని తర్వాతి ఫిల్టర్‌కు అందిస్తుంది. పొలం కాల్వలో మళ్లకు నీళ్లు మళ్లించినట్టు, ఒక ఫిల్టర్ లిపి మార్చి, ఇంకొకటి కుదించి, మరొకటి ముక్కలకు కొలతలు రాసి ముందుకు వదులుతాయి. ఆగకుండా వెంటనే తోసేయమని చెప్పేందుకు ఒక ప్రత్యేక బకెట్, ఇక అయిపోయిందని చెప్పేందుకు మరో బకెట్ ఉన్నాయి.

ఈ పద్ధతిలో తెలుగుకు ఒక గండం ఉంది. బకెట్ సాధారణ కొలత 8,000 బైట్లు. ఖాళీలేవీ లేకుండా అంతా తెలుగే నింపితే 2,666 సంకేతాలకు 7,998 బైట్లు నిండి, తర్వాతి అక్షరం రెండు బైట్ల దగ్గర తెగుతుంది. మూడో బైటు తర్వాతి బకెట్‌లో వస్తుంది. లిపి మార్చే ఫిల్టర్ ఆ రెండింటినీ చేతిలో పట్టుకుని మూడోదాని కోసం ఆగాలి. ఇంగ్లీషుతో మాత్రమే పరీక్షించినవారికి ఈ లోపం ఎన్నటికీ ఎదురుపడదు.

కుదింపులో మాత్రం తెలుగుకు మేలే జరిగింది. మూడు బైట్లలో మొదటిది ఎప్పుడూ ఒకటే, రెండోది ఉన్నవి రెంటిలో ఏదో ఒకటి. ఇలా పదేపదే తిరిగొచ్చేదాన్నే జీజిప్ కుదింపు పద్ధతి ఇష్టంగా నమిలేస్తుంది. అపాచీ 2.0తో వచ్చిన కుదింపు మాడ్యూల్‌ను తెరిచిపెడితే మూడు రెట్ల భారంలో ఎక్కువ భాగం దారిలోనే తగ్గిపోతుంది. డేటా ప్యాక్ లెక్కపెట్టుకుని వాడే పాఠకుడికి అది చిన్న విషయం కాదు.

2004లో ఇగోర్ సిసోయెవ్ విడుదల చేసిన ఎన్‌జిన్‌ఎక్స్ మరో బాధ తీర్చింది. నెమ్మది లైను మీద ఉన్న ఒక్క పాఠకుడు పేజీ అందుకునేదాకా అపాచీ ప్రక్రియ ఒకటి ఖాళీగా కాపలా కాయాల్సి వచ్చేది. ఎన్‌జిన్‌ఎక్స్ ముందు నిలబడి, జవాబును తన బఫర్‌లోకి గబగబా తీసుకుని వెనకవారిని వదిలేసి, తాను మాత్రం నిదానంగా పంపుతుంది.

కృత్రిమ మేధ జవాబులు మాట మాటగా తెర మీద పారుతున్న ఈ కాలంలో అదే బఫర్ అడ్డమైంది. జవాబును పోగుచేయడం ఆపమని చెప్పడానికి వెనకనున్న మాడ్యూల్ తన జవాబులో ఒక ప్రత్యేక హెడర్ పెట్టి పంపితే, ఎన్‌జిన్‌ఎక్స్ ఆ జవాబు వరకు దాచుకోవడం మానేస్తుంది. మాటలు ఆగకుండా వస్తాయి, వాటితోపాటు తెగిన అక్షరాల పాత సమస్యా తిరిగి వచ్చింది. బ్రౌజర్‌లో ముక్కలను చదివే ప్రోగ్రాముకు ఇది ప్రవాహమని ముందే చెప్పకపోతే, ముక్క చివర సగం తెగిన తెలుగు అక్షరం స్థానంలో నల్ల వజ్రంలో ప్రశ్నార్థకం పడుతుంది. చెబితే మిగిలిన బైట్ల కోసం ఆగి, అక్షరాన్ని నిండుగా చూపిస్తుంది.