కొండతేనెకు కొత్తగా వచ్చిన పేరు

2020లో కరోనా వచ్చాక తేనె అమ్మే ప్రకటనల్లో ‘రోగనిరోధక శక్తి’ అన్న మాట మోగిపోయింది. మన పెద్దలకు ఆ మాటే తెలియదు. తేనె వాళ్లకు ముందు తిండి, ఆ తర్వాతే మందు.

నల్లమల చెంచులు పెద్దతేనె కోసం కొండచరియ పైనుంచి తాడు పట్టుకుని దిగుతారు. పైన ఆ తాడుకు కాపలా ఉండేది బావమరిది. తోబుట్టువు కాపురం ఆ తాడు మీదే ఉందని అతనికి తెలుసు! 1940లో అమ్రాబాద్ ప్రాంతపు చెంచుల మధ్య గడిపిన హైమన్‌డార్ఫ్, 1943లో వారిపై తెచ్చిన పుస్తకంలో ఈ తేనె వేట గురించి కూడా రాశారు. ఇంత కష్టపడి తెచ్చే తేనెను 1927 అటవీ చట్టం అటవీ ఉత్పత్తుల్లో చేర్చింది. 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ వచ్చింది. తేనెపై మన హక్కును పేరు పెట్టి చట్టంలో రాయడానికి మాత్రం 2006 దాకా ఆగాల్సి వచ్చింది.

ఇక మందు సంగతి. తేనె క్రిములను చంపుతుందని 1892లోనే వాన్ కెటెల్ అనే డచ్చి శాస్త్రవేత్త గుర్తించాడు. తేనెలో నీరు సుమారు ఐదో వంతే, మిగిలినదంతా దాదాపు చక్కెరలే. దానికి కొంత పులుపు గుణం ఉంది. తేనెటీగ కలిపే ఒక ఎంజైము వల్ల హైడ్రోజన్ పెరాక్సైడ్ కూడా పుడుతుంది. పుండ్లకు, కాలిన గాయాలకు తేనె రాయడం ఉత్త నమ్మకం కాదన్నమాట. పిల్లలకు రాత్రిపూట వచ్చే దగ్గు తేనెతో కొంత తగ్గుతుందని పరీక్షల్లోనూ తేలింది. కానీ పుండు మీద క్రిమిని చంపడం వేరు, ఒంట్లో రక్షణ శక్తిని పెంచడం వేరు. తేనె తిన్న మనిషికి జబ్బులు రావనడానికి గట్టి రుజువు లేదు. మన తేనె అమ్ముడుపోతుందని ఆ మాట మనమూ అనడం మాకు ఇష్టం లేదు. ఆ 2020 డిసెంబరులోనే పేరున్న పలు బ్రాండ్లలో చక్కెర పాకం కల్తీని సీఎస్‌ఈ సంస్థ బయటపెట్టింది కూడా.

హాస్టల్‌కు చంటిబిడ్డలతో వచ్చే తల్లులకు మేము తప్పకుండా చెప్పేది ఇంకొకటుంది. పుట్టిన బిడ్డ నాలుకకు తేనె రాయకండి. ఏడాది నిండేదాకా అసలు వద్దు. స్వచ్ఛమైన తేనెలోనూ బొట్యులిజం క్రిమి బీజాలు ఉండవచ్చు. అవి పసిపేగుల్లో మొలకెత్తి విషం పుట్టిస్తాయి, బిడ్డ ఒళ్లు వేలాడిపోతుంది, ఊపిరి ఆడదు. పసిపిల్లల్లో ఈ జబ్బును అమెరికాలో 1976లో గుర్తించారు. “మా అమ్మ మాకు పెట్టలేదా?” అంటారు తల్లులు. పెట్టింది, నిజమే. ఆ రోజుల్లో పోయిన పసిబిడ్డలు ఎందుకు పోయారో మన గూడేల్లో రాసిపెట్టినవారు లేరు.