కరణం గారి రూట్ పాస్‌వర్డ్

మన సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, ఒకప్పుడు ఊళ్ళో భూమి లెక్కలకి రూట్ యూజర్ కరణం గారే. కామవరపుకోట అయినా, కొల్లేటి లంకలైనా అంతే. అడంగల్ రాసేదీ ఆయనే, దాచేదీ ఆయనే. 1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణం, మునసబు పదవులు రద్దు చేసింది. అంటే రూట్ అకౌంట్ తీసేశారన్నమాట!

1985లో మండలాలొచ్చాయి, లెక్కలు మండలాఫీసుకి చేరాయి. 2015లో మీభూమి వెబ్‌సైటు వచ్చింది. చదవడానికి అందరికీ పర్మిషన్, రాయడానికి మాత్రం రెవెన్యూ గ్రూపుకే. పద్ధతి బాగానే ఉంది.

కానీ సర్వర్‌కి మనిషి తెలీదు, లాగిన్ మాత్రమే తెలుసు. పాస్‌వర్డ్ పక్కసీటాయనకి చెప్పేస్తే, దిద్దేది ఒకరు, లాగ్‌లో పడే పేరు ఇంకొకరిది. కరణం గారి కాలంలో కనీసం చేతిరాతైనా పట్టిచ్చేది. ఇప్పుడు రైతు ఎవర్ని నిలదీయాలంటారు?