ఆరు దాటితే ఫోన్ ఎత్తరు.. 'జెన్ జీ' ఉద్యోగులతో మేనేజర్లకు ఎక్కడ తేడా కొడుతోంది?

లింగంపల్లి, చందానగర్, నల్లగండ్ల పీజీ హాస్టళ్ల నుంచి రోజూ గచ్చిబౌలి, హైటెక్ సిటీ ఆఫీసులకు వెళ్లే ఫ్రెషర్లంతా దాదాపు 'జెన్ జీ'నే. 1997 నుంచి 2012 మధ్య పుట్టినవాళ్లను ఇలా పిలుస్తున్నారు. వీళ్ల మీద మేనేజర్ల కంప్లైంట్లు ఎక్కడ చూసినా ఒకటే.. సాయంత్రం ఆరు దాటితే ఫోన్ ఎత్తరు, ఒక మాట అంటే రిజైన్ చేస్తామంటారు, ప్రతిదానికీ 'ఎందుకు?' అంటారు. బద్ధకం అని ముద్ర వేసే ముందు కాస్త వెనక్కి వెళ్దాం.

ఒకే కారిడార్.. వేర్వేరు దెబ్బలు

సైబర్ టవర్స్‌ను 1998 నవంబర్ 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించారు. ఇప్పటి మేనేజర్లలో చాలామంది ఆ తర్వాతి పది, పన్నెండేళ్లలో ఇక్కడ అడుగుపెట్టినవాళ్లే. జీతాలు పెరిగాయి, ఆన్‌సైట్ ఛాన్సులొచ్చాయి. 2009 జనవరి 7న సత్యం కుంభకోణం బయటపడటంతో వేలమందికి వచ్చే నెల జీతం మీద కూడా నమ్మకం పోయింది. ఆ తరం నేర్చుకున్న పాఠం ఒక్కటే.. తల వంచుకుని పని చెయ్, ఉన్న ఉద్యోగం వదలకు.

కుర్రాళ్లు తిన్న దెబ్బలు వేరు. కరోనాలో చదువు ఆన్‌లైన్ అయింది. 2022లో ఆఫర్ లెటర్లు చేతికొచ్చినా, జాయినింగ్ డేట్ కోసం రెండేళ్లు ఎదురుచూసినవాళ్లున్నారు. 2025 ఫిబ్రవరిలో ఇన్ఫోసిస్ మైసూరు క్యాంపస్ నుంచి 300 మందికి పైగా ట్రైనీలను ఇంటర్నల్ టెస్టులు పాస్ కాలేదని పంపించేశారు. పెద్ద సర్వీస్ కంపెనీల్లో ఫ్రెషర్ ప్యాకేజీ పదేళ్ల కింద మూడు, మూడున్నర లక్షలు, ఇప్పుడూ ఇంచుమించు అంతే. హాస్టల్ ఫీజు, ఆటో ఛార్జీలు పోగా మిగిలేదెంతో మీరే లెక్కేసుకోండి. కంపెనీ మాట గ్యారెంటీ కాదు, నా టైమ్ మాత్రం నాది.. వీళ్లు నేర్చుకున్నది ఇది. 2023 అక్టోబర్‌లో నారాయణమూర్తి వారానికి 70 గంటలన్నా, 2025 జనవరిలో ఎల్ అండ్ టీ ఛైర్మన్ మాటల్లో 90 గంటలు వినిపించినా యూత్‌కు అంత మండింది అందుకే.

గంటల లెక్క సర్కారు కూడా చెప్పింది. దుకాణాలు మినహా వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటలు, వారానికి 48 గంటలే పరిమితి అంటూ 2025 జులైలో తెలంగాణ ప్రభుత్వం జీవో ఇచ్చింది. అది దాటితే ఓవర్‌టైమ్ ఇవ్వాలి.

మరి మేనేజర్ ఏం చేయాలి?

ముందు 'అర్జెంట్' అంటే ఏంటో చెప్పాలి. అమెరికా క్లయింట్ ఉన్న టీమ్‌కు రాత్రి కాల్స్ తప్పవు. కానీ రోజూ అందరినీ లైన్లో కూర్చోబెట్టే బదులు వంతులేసి, రాత్రి కూర్చున్నవాళ్లకు మర్నాడు కాంప్ ఆఫ్ ఇస్తే సగం గొడవ ఉండదు. తప్పు చేస్తే గ్రూప్‌లో కాకుండా పక్కకు పిలిచి చెప్పాలి. ఏడాది చివర్లో అప్రైజల్ దాకా దాచుకోకుండా వారానికి పది నిమిషాలు మాట్లాడితే చాలు. 'ఎందుకు' అని అడిగితే అది ఎదురు తిరగడం కాదు. కారణం తెలిస్తే ఆ పనే వేగంగా అవుతుంది. మీటింగ్‌లో పేరు పెట్టి పిలిచి, క్యాంటీన్‌లో 'అన్నా' అనడం కూడా అమర్యాదేం కాదు. 'మనమంతా ఒకే ఫ్యామిలీ' డైలాగ్ మాత్రం వద్దు. లేఆఫ్‌లు చూసినవాళ్లకు అది నవ్వు తెప్పిస్తుంది.

కుర్రాళ్లకూ ఒక మాట. ఆరు తర్వాత ఫోన్ ఎత్తకపోవడం వేరు, శుక్రవారం ప్రొడక్షన్ ఆగిపోయినప్పుడు చెప్పకుండా మాయమవడం వేరు. ఆ రాత్రి మేలుకునేది మీ బాస్ కాదు, మీ పక్క సీటు ఫ్రెండే.

ఇక అటెండెన్స్. మెట్రో రాయదుర్గం దగ్గరే ఆగిపోయింది, లింగంపల్లికి రాలేదు. గట్టి వాన పడితే రైల్వే అండర్ బ్రిడ్జి కింద నీళ్లు నిలుస్తాయి. అలాంటి రోజు 'స్టాండప్ కాల్ ఇంటి నుంచే తీసుకోండి' అని పొద్దున్నే గ్రూప్‌లో ఒక్క మెసేజ్ పెట్టే లీడ్‌కు, ఆ సాయంత్రం ఏడింటికి ఫోన్ చేసినా జవాబు దొరికే ఛాన్స్ ఎక్కువ.